మెట్టసీమలో ఒక పల్లె: వెలిగండ్ల

నగరములను గూర్చి వ్రాయువారు పలువురు కలరు. పల్లెను గూర్చి, అందును పెద్ద గోపురము గాని, యుద్ధము జరిగిన కోట గాని, కవి పుట్టిన ఇల్లు గాని ప్రసిద్ధికెక్కని చిన్న పల్లెను గూర్చి చెప్పువారు అరుదు. జనాభా లెక్కలలో ఒక వరుస, బస్సు నుదుట ఒక పలక, వేసవిలో నీటి ఎద్దడి వార్తలలో ఒక పేరు, ఇంతటితో దాని ప్రస్తావన ముగియుచుండును. అయినను దేశమనగా ఎక్కువ పాలు ఇట్టి పల్లెలే. అందుచేత ఈ ప్రసంగమునకు మేము పేరుమోసిన ఊరినొకదానిని ఎన్నుకొనక, పశ్చిమ ప్రకాశమను పేర వ్యవహరింపబడు మెట్టసీమలోని వెలిగండ్లను ఎన్నుకొన్నాము. ఆ ఊరిని, దాని చుట్టుపట్ల పల్లెలను కలిపి చూచినచో, నీరు తక్కువైన నేలలో మనుష్యులు ఎట్లు నిలదొక్కుకొందురో, ఏ విషయమున ఇంకను ఓడిపోవుచున్నారో తెలిసికొనవచ్చును.

మొదట ఊరి ఉనికి. వెలిగండ్ల కనిగిరికి పడమటి దిక్కున, కొండల వరుసకు తూర్పున ఉన్న గ్రామము. ఇది మండల కేంద్రము. దీనికి ఇరుగు పొరుగులు కనిగిరి, హనుమంతునిపాడు, చంద్రశేఖరపురము, పెదచెర్లోపల్లి. పడమట కొండలు దాటినచో గిద్దలూరు సీమ. దక్షిణమున పామూరు మీదుగ పోయినచో నెల్లూరు సీమ. ఇక్కడొక చిన్న సందేహము తీర్చవలసియున్నది. వెలిగొండ వేరు, వెలిగండ్ల వేరు. వెలిగొండ యనునది తూర్పు కనుమలలో ఉత్తర దక్షిణములుగ సాగు ఒక కొండల వరుస. దాని పేరుతో ఒక నీటి పథకము కలదు. వెలిగండ్ల యనునది గ్రామము. పేర్లు దగ్గరగ నుండుటచే వార్త వినువారు ఒకదానిని మరొకటిగ తలచుట కలదు. ఈ రెంటికిని సంబంధము లేకపోలేదు. దానిని చివర చెప్పెదము.

పరిపాలనలో ఈ సీమ పలు చేతులు మారినది. కనిగిరి తాలూకా చిరకాలము నెల్లూరు జిల్లాలోనిది. కొండల కావలి గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లాలోనివి. ఈ మూడు జిల్లాల అంచులను చేర్చి 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి; 1972లో దానికి ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తాలూకా కచేరికి పోవుటకు ఒక రోజు వ్యయమగు రైతునకు మండల కార్యాలయము దగ్గరగ వచ్చినది. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయముల వ్యవస్థ ఏర్పడినది. 2022లో కనిగిరి రెవిన్యూ డివిజను కేంద్రమైనది. అంచులను కుట్టి చేసిన జిల్లా కావున దీని మాటలోను అతుకులు వినవచ్చును. ఒకే సంతలో నెల్లూరు యాస, కడప కర్నూళ్ల యాస, గుంటూరు యాస మూడును చెవిన పడును. కాని మూడు జిల్లాలకును ఈ ప్రాంతము అంచే యగుటచే, కాలువ గాని రైలు గాని చివరకు వచ్చిన తావు కూడ ఇదియే.

నేల, వాన

ఈ సీమ నేల ఎక్కువగ ఎర్ర చల్కలు, గరుసు నేలలు. అక్కడక్కడ పల్లములలో నల్లరేగడి. అడుగున గట్టి రాయి. ఎర్రనేల వానను త్వరగ త్రాగును, త్వరగ ఆరిపోవును. రాతి పగుళ్లలోనికి దిగిన నీరే బావులకును బోర్లకును ఆధారము. ఇసుక నేలలలో వలె విశాలమైన ఊటలు ఇచ్చట లేవు. ఒక చేనిలో పడిన బోరు, ప్రక్క చేనిలో ఎండుట ఇందువలననే. పగులు తగిలినవానికి నీరు, తగలనివానికి అప్పు.

వాన విషయమున ఈ సీమది చిత్రమైన స్థితి. దీనికి రెండు ఋతుపవనములు కలవు. కాని రెండింటి కొసలే దక్కును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి, పీఠభూమిని దాటి, నల్లమల దాటి ఇచ్చటికి చేరునప్పటికి మేఘము చాల భాగము తేలికైపోవును. ఈశాన్య కాలపు తుపానులు నెల్లూరు, ఒంగోలు తీరములను ముంచెత్తి, పడమరకు వచ్చునప్పటికి జల్లులై పోవును. తుపాను ఎక్కువ బలముతో వచ్చిన ఏడు మాత్రమే చెరువు నిండును. తీరవాసి దేనిని చూచి భయపడునో, మెట్టరైతు దానికొరకే ఎదురు చూచును. ఆకాశవాణిలో వాయుగుండపు వార్త వచ్చినప్పుడు ఒక ఇంట భయము, మరొక ఇంట ఆశ కలుగుట ఈ కారణముననే.

ఒక లెక్క చెప్పెదము. ఒక ఎకరము నేలపై ఒక అంగుళము వాన కురిసినచో అది ఇంచుమించు లక్ష లీటర్ల నీరు. ఇరువది అంగుళములు మాత్రమే కురిసిన ఏట కూడ ఎకరమునకు ఇరువది లక్షల లీటర్లు ఆకాశము నుండి దిగుచున్నవన్నమాట. కావున ఇచ్చటి కొరత వాన తక్కువగుట ఒక్కటియే కాదు. ఆ వాన కొద్ది దినములలో కురిసి, వాగులలో పడి తూర్పునకు పోవుటయు కొరతయే. మన పెద్దలు ఈ సూక్ష్మము నెరిగి చెరువులు కట్టిరి. ఈ సీమకు వాయవ్యమున, నల్లమల ఒడిలో, గుండ్లకమ్మకు అడ్డముగ కట్టిన కంభము చెరువు విజయనగరపు రాయల కాలము నాటిది. రెండు కొండల నడుమ సందును మట్టికట్టతో మూసి, పదహారవ శతాబ్దినుండి నేటివరకు నీరు నిలుపుచున్న ఆ చెరువును చూచినవారికి, వాన తక్కువ నేలలో తెలివి ఎక్కువ కావలెనను మాట బోధపడును.

చెరువు, బావి, బోరు

పల్లెలో నీటి కథ మూడు అంతస్తులది. పై అంతస్తు చెరువు, కుంట. నడిమిది బావి. అడుగుది బోరు.

చెరువు ఊరందరిది. కట్ట తెగినచో ఊరందరు పలుగు పార పట్టెడివారు. పూడిక మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొనెడివారు. అందువలన చెరువు లోతు నిలిచెడిది, చేనికి సారము చేరెడిది. బావి కొందరిది. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు వంతులు వేసికొని కపిల తోలెడివారు. ఎద్దులు వెనుకకును ముందుకును నడచుచు తోలుబాన నిండ నీరు పైకి తెచ్చెడివి. ఎద్దు అలసిపోవును కావున బావి అలసిపోయెడిది కాదు. ఒక పగటిలో తోడగలిగినంత నీరు రాత్రికి మరల ఊరెడిది. విద్యుచ్ఛక్తి మోటారు వచ్చిన పిమ్మట ఆ కట్టుబాటు పోయినది. మోటారునకు అలుపు లేదు. బావులు ఎండినవి. తరువాత బోరు వచ్చినది. అది ఒక్కొక్కనిది. ఒకడు రెండువందల అడుగులకు పోయినచో పొరుగువాడు మూడువందలకు పోవలెను. చెరువు ఊరిని కలుపగా బోరు ఊరిని విడదీసినదనుట అతిశయోక్తి కాదు.

బోరును నిందించుట మా ఉద్దేశము కాదు. అది లేనిచో ఈనాడు పలు కుటుంబములు ఊరిలో నిలిచియుండెడివి కావు. కాని పై అంతస్తును పాడుపెట్టి అడుగు అంతస్తును తోడుకొనుట ఎంత కాలము సాగును? చెరువు నిండినప్పుడే బావికి, బోరునకు ఊట కలుగును. చెరువు పూడిక తీయుట, సప్లయి కాలువలలో ముండ్లకంపను తొలగించుట, వాగులకు అడ్డముగ చిన్న కట్టలు వేయుట, ఇవి గొప్ప వార్తలు కావు. కాని మెట్టపల్లెకు ఇవియే ప్రాణములు.

ఏడాది పొడుగున

మెట్టరైతు పంచాంగము కార్తెలతో నడచును. జూన్ మొదటి వారమున మృగశిర ప్రవేశించును. తొలకరికి దుక్కి పదునైనప్పుడు గొర్రు కట్టుదురు. జడ్డిగములో గింజలు జారవిడుచుచు ఒకరు గొర్రు వెంట నడువవలెను. ఆ చేతి ఒడుపు మీదనే మొలక వరుస ఆధారపడును. ఇప్పుడు ట్రాక్టరు గొర్రులు వచ్చినవి గాని, సూత్రము అదియే. సజ్జ, కంది, ఆముదము, నువ్వు, అలసంద మొదలగునవి ఈ నేలకు అలవాటైన పైరులు. సజ్జను కందిని కలిపి చల్లుట పాత తెలివి. సజ్జ త్వరగ పండి గాదెకు చేరును. కంది వేరు లోతుగ దించి, చివరి వానల తడి పట్టుకొని, సంక్రాంతి దాటిన తరువాత చేతికి వచ్చును. ఒకటి పోయినను మరొకటి నిలుచునని ఆశ. నల్లరేగడిలో వెనుకటి వానలకు జొన్న, శనగ వేయుదురు.

కొర్ర, సామ, వరిగ, అరిక యను చిరుధాన్యములు ఒకప్పుడు ఇంటింటి కుండలలో ఉడికినవే. సజ్జరొట్టె, జొన్నసంకటి, ఉలవచారు, గోంగూర, ఇవి ఈ సీమ భోజనము. వరియన్నము పండుగ అన్నముగ నుండిన కాలము పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన తరువాత మెట్టలోను వరియన్నము నిత్యభోజనమైనది, పస్తు తగ్గినది, దానితోపాటు కొర్రచేను కూడ తగ్గినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన పిమ్మట, పేదవాని కూడు అనిపించుకొన్న కొర్రలు పట్టణపు అంగళ్లలో బియ్యము కంటె ప్రియమైనవి. ఆ ప్రియము చేనివరకు చేరినచో మెట్టరైతునకు మేలే.

రొక్కము నిచ్చు పంటలలో పొగాకును చెప్పక తప్పదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల తేలిక నేలలు వర్జీనియా పొగాకునకు ప్రసిద్ధములు. 1976లో గుంటూరు కేంద్రముగ పొగాకు బోర్డు ఏర్పడినది; కనిగిరిలోను వేలము కేంద్రము కలదు. నారు పోయుట, అక్టోబరు నవంబరు నెలలలో నాటుట, ఆకు కొట్టుట, కర్రలకు కుట్టుట, బ్యారనులో ఆరబెట్టుట, గ్రేడు చేయుట, ఇన్ని మెట్లు దాటిన తరువాతనే ఆకు వేలమునకు పోవును. పని ఎక్కువ, కట్టెల ఖర్చు ఎక్కువ, ధర మాత్రము రైతు చేతిలోనిది కాదు.

వాన పోయిన ఏట ఏమగును? దీనికి మన సామెతయే సమాధానము: ఉత్తర చూచి ఎత్తర గంప. సెప్టెంబరు నడిమిలో వచ్చు ఉత్తర కార్తె వరకు వేచియుండి, అప్పటికిని చినుకు పడనిచో గంప నెత్తికెత్తుకొమ్మని దాని భావము. 1876లో ఆరంభమైన ధాత కరవు మద్రాసు రాజధానిలోని కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల మెట్టలను దయలేక కాల్చినది. నాటి గంప ఎచ్చటికి పోవుచున్నదో తెలియని గంప. నేటి వలస అట్టిది కాదు. పల్నాడు గుంటూరు సీమలకు మిరపకోతకు, హైదరాబాదు బెంగుళూరులకు బేల్దారి పనికి, దారి తెలిసియే పోవుచున్నారు. చేతిఫోనులో ముందుగనే కూలి మాటలాడుకొందురు. అయినను పెద్దలకు పిల్లలను అప్పగించి నాలుగు నెలలు పోవుట వలన బడిలో హాజరు తగ్గును, ముసలివారికి వైద్యము చూపువారు కరవగుదురు. మహానగరములలో లేచుచున్న ఎత్తైన కట్టడములలో ఈ మెట్టపల్లెల చేతిపని ఎంత కలదో లెక్కించినవారు లేరు.

మందలు

వాన నమ్మరాని నేలలో గొఱ్ఱె నమ్మదగిన ఆస్తి. నెల్లూరు జాతి గొఱ్ఱెలకు ఈ సీమ పుట్టినిల్లు వంటిది. భారతదేశపు గొఱ్ఱెలలో మిక్కిలి ఎత్తైన జాతి ఇది. ఒంటిపై ఉన్ని లేక వెండ్రుక మాత్రముండును. మాంసము కొరకే పెంచెదరు. తెల్లనిదానిని పల్ల యనియు, తెల్లని ఒంటిపై మూతికి కన్నులకు నల్లని మచ్చలున్నదానిని జోడిపి యనియు, గోధుమ ఎరుపు రంగుదానిని దొర యనియు కాపరులు పిలుతురు. ఎండకు తాళుట, దూరము నడచుట, కంప మేసి బ్రతుకుట దీని గుణములు.

కాపరికి రైతుకు నడుమ పాత ఒప్పందమొకటి కలదు. పంట కోసిన చేనిలో రాత్రులు మంద కట్టుదురు. గొఱ్ఱెల పెంటయు మూత్రమును నేలకు ఎరువగును. కాపరికి గింజలో, రొక్కమో ముట్టును. ఒకరి బీడు మరొకరికి మేత, ఒకరి మంద మరొకరికి సారము. చేలు కంచెలు వేసి జామాయిలు తోటలుగ మారినచోట్ల ఈ ఒప్పందము సడలుచున్నది. ఎద్దుల మాట చెప్పనక్కరలేదు. ఒంగోలు గిత్త కీర్తి బ్రెజిలు వరకు ప్రాకినది; అచ్చట దానికి నెలోర్ అని పేరు. సముద్రములు దాటిన ఆ పశువు, పుట్టిన సీమలో ట్రాక్టరు వచ్చిన పిమ్మట బండలాగు పందెములలోనే ఎక్కువగ కనబడుచున్నది.

పల్లె బ్రతుకంతయు పనియే కాదు. శివరాత్రికి, కార్తీకమునకు పలువురు చంద్రశేఖరపురము మండలములోని భైరవకోనకు పోవుదురు. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయములు, ప్రక్కన జలపాతము, ఆ కోన ఈ సీమకు గర్వకారణము. ఎండిన మెట్టనుండి పోయినవానికి అచ్చట రాతినుండి దుముకు నీటిని చూచుటయే సగము పుణ్యము.

కంటికి కనబడని శత్రువు

ఇప్పుడు ఈ ప్రసంగములో ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాము. ఇంతవరకు నీరు చాలదని చెప్పితిమి. కాని కనిగిరి సీమలో, దాని చుట్టు మెట్టలలో, ఉన్న నీటిలోను ఒక కీడు కలదు. అది ఫ్లోరైడు.

ఈ కీడు కథ వేరొక ఖండమున మొదలైనది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అను ఊరిలో 1901లో వైద్యము ఆరంభించిన ఫ్రెడరిక్ మెక్కే అను దంతవైద్యుడు, అచ్చటి వారి పండ్లపై గోధుమరంగు మచ్చలు చూచి ఆశ్చర్యపడెను. కారణము వెదకుటకు ముప్పది యేండ్లు పట్టినది. 1931లో చర్చిల్ అను రసాయనవేత్త నీటిని పరీక్షించి అందులో ఫ్లోరైడు అధికముగ నున్నదని తేల్చెను. తరువాత ఆరేండ్లకే, 1937లో, షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలో ఇంతకంటె ఘోరమైన రూపమును లోకమునకు చూపిరి. పండ్లే కాదు, వెన్నెముకయే బిగుసుకొనిపోయిన రోగులను వారు వర్ణించిరి. ఆ రోగులు నాటి నెల్లూరు జిల్లా మెట్టలవారు. అనగా భారతదేశమున ఎముకల ఫ్లోరోసిస్ మొదట వైద్యశాస్త్రమునకు తెలిసినది ఈ సీమ మనుష్యుల దేహముల వలననే. వైద్యశాస్త్రమునకు ఈ సీమ పాఠమిచ్చినది. బదులుగ మంచినీరు పొందుటకు మాత్రము తరములు గడచినవి.

ఇది ఎట్లు కలుగును? అడుగున నున్న నల్లసేనపు జాతి రాళ్లలో ఫ్లోరిను గల ఖనిజములు కలవు. నీరు ఆ పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచినప్పుడు రాయి మెల్లగ కరగి ఫ్లోరైడు నీటిలో చేరును. నీటిలో సున్నపు అంశము, అనగా కాల్షియము, ఎక్కువగ నున్నచో అది ఫ్లోరైడును పట్టి అడుగునకు దింపును. క్షారగుణము హెచ్చి కాల్షియము తగ్గిన నీటిలో ఫ్లోరైడు స్వేచ్ఛగ నిలుచును. వాన తక్కువైనచోట కొత్తనీరు వచ్చి పాతనీటిని పలుచన చేయదు. వేసవి ఎండ నీటిని ఇగిర్చి గాఢత పెంచును. కావున రాయి, కరవు, ఎండ మూడును కలిసి చేయు కీడు ఇది.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరొక నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు దాటరాదనియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితియు 1.5 మిల్లీగ్రాములే. ఎండలో పనిచేయు కూలి, చల్లని గదిలో కూర్చుండువానికంటె రెండు మూడింతలు నీరు త్రాగును. అందుచేత ఒకే నీరు ఇద్దరికిని ఒకే కొలత కీడు చేయదు. కష్టించువానికే ఎక్కువ కీడు.

మొదట పిల్లల పండ్లపై తెల్లని సుద్ద గీతలు, పిమ్మట పసుపు, గోధుమ మచ్చలు వచ్చును. చిగుళ్ల లోపల పన్ను తయారగు ఎనిమిదేండ్లలోపు వయస్సులో త్రాగిన నీరే దీనికి కారణము. తోమినంత మాత్రమున ఆ మచ్చ పోదు. ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్లనొప్పులు, మెడ తిరుగకుండుట, నడుము వంగకుండుట కలుగును. చివరకు క్రింద పడిన నాణెమును వంగి తీసికొనలేని స్థితి వచ్చును. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడు సీమల యువకులలో మోకాళ్లు లోనికి ఒరిగి కాళ్లు వంకరపోవు జబ్బును వర్ణించిరి. పాలు, కాల్షియము, సి విటమిను తక్కువైన పేద భోజనము ఈ కీడును పెంచునని పరిశోధనలు తెలిపినవి. కావున ఇది నీటి జబ్బు మాత్రమే కాదు, పేదరికపు జబ్బు కూడ.

వంకర కాళ్ల పిల్ల కుటుంబమునకు వివాహ సంబంధములు తప్పిపోవుట, పండ్ల మచ్చలు చూచి పట్టణపు తోటివారు నవ్వుట, నలుబది యేండ్లకే ముసలితనము వచ్చుట వైద్య గ్రంథములకు ఎక్కవు. కాని ఊరి మనస్సుపై బరువు ఇదియే. ఇది శాపము కాదు, అంటురోగము కాదు, వంశపు లోపము కాదు. నీరు మారినచో తరువాతి తరము నిటారుగ నిలుచును. ఈ ఒక్క మాట ఊరూర తెలియవలెను.

ఉపాయములు

శ్రోతలు గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీరు తేటగ, తియ్యగ నున్నదని నమ్మరాదు. కాచుట వలన సూక్ష్మక్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగురుటచే దాని గాఢత ఇంకను హెచ్చును. బట్టలో వడకట్టినను ప్రయోజనము లేదు. పరీక్షయే శరణ్యము. ప్రక్కప్రక్క బోర్ల నీటిలోను భేదముండును గనుక త్రాగునీటి బోర్లను ఒక్కొక్కటిగ పరీక్షింపవలెను. కీడు తక్కువైన బోరును త్రాగుటకును, తక్కినవానిని స్నానమునకు, పాత్రలు తోముటకును వాడుకొనవచ్చును.

నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి యని తెలుగునేలలోని జిల్లా పేరే వచ్చినది. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, చిలికి, తేర్చి పైనీరు తీసికొనుట దాని సారము. మోతాదు తప్పినచో ఫలము లేదు. పటిక మిగిలినచో మరొక కీడు. అందుచే నేర్చినవారి పర్యవేక్షణ కావలెను. ఈ కాలమున పల్లెలలో శుద్ధిచేసిన నీటిని డబ్బాల లెక్కన అమ్ము యంత్రములు వెలసినవి. అవి మేలు చేసినవి; కాని డబ్బా కొనలేని ఇల్లు, యంత్రము చెడిన వారము, ఈ రెండును ప్రశ్నలుగనే మిగులును.

వాననీటిలో ఫ్లోరైడు ఉండదనదగినంత స్వల్పము. వేయి చదరపు అడుగుల మిద్దెపై ఒక అంగుళము వాన పడినచో రెండువేల మూడువందల లీటర్లకు పైగ నీరు దొరకును. మొదటి జల్లును వదలి, తరువాతి నీటిని మూతగల తొట్టిలో పట్టి, కాచి వాడుకొన్నచో ఒక ఇంటికి త్రాగుటకు వండుటకు రోజునకు ఇరువది లీటర్ల చొప్పున నూరు దినములకు పైగ సరిపోవును. పాఠశాలల మిద్దెలపై ఇది మొదలుపెట్టుట మిక్కిలి యోగ్యము. పన్ను తయారగు వయస్సు వారే అచ్చట ఉన్నారు కదా.

కొండకు ఆవలి నీరు

శాశ్వతమైన ఉపాయము దూరపు నది నీరే. నాగార్జునసాగరు కుడికాలువ నీటిని రామతీర్థం జలాశయము నుండి గొట్టముల ద్వారా కనిగిరి ప్రాంతపు పల్లెలకు తెచ్చు ఏర్పాటు జరిగినది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన కార్యక్రమము ఇంటింటికి కొళాయిని లక్ష్యముగ పెట్టుకొన్నది. కాని గొట్టపు చివరనున్న పల్లెకు నీరు చేరుటయే ఎల్లప్పుడు కష్టము. మొదటి ఊరివారు తోడుకొనగా మిగిలినదే కడపటి ఊరి వంతు. కావున కొళాయి వచ్చినదా యని కాక, వేసవిలో ఎన్ని దినములు వచ్చినదని అడుగవలెను.

ఇక ముందు చెప్పిన వెలిగొండ మాట. కృష్ణా వరదనీటిని శ్రీశైలము జలాశయము నుండి నల్లమల క్రిందుగ సొరంగములలో ఇవతలికి తెచ్చు పథకమిది. దీనికై చిరకాలము పోరాడిన మార్కాపురపు కమ్యూనిస్టు నాయకుడు, శాసనసభ్యుడు పూల సుబ్బయ్యగారి పేరు దీనికి పెట్టిరి. 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవు గల రెండు సొరంగములలో మొదటిది 2021లోను, రెండవది 2024 జనవరిలోను తవ్వకము ముగిసినవి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు అడ్డుకట్టలు వేసి ఏర్పరచిన నల్లమలసాగరములో సుమారు 43 టి.ఎం.సి.ల నీరు నిలిపి, ప్రకాశం, నెల్లూరు, కడప సీమలలో నాలుగు లక్షల నలుబదేడువేల ఎకరములకు సాగునీరు, పదిహేను లక్షల పైచిలుకు జనులకు త్రాగునీరు ఇచ్చుట సంకల్పము.

సొరంగము ముగియుట వేరు, చేను తడియుట వేరు. జలాశయమున మునుగు పల్లెలవారికి న్యాయముగ పునరావాసము కలుగవలెను. కాలువలు, పిల్లకాలువలు పూర్తికావలెను. వరద వచ్చు కొద్ది దినములలోనే నీటిని మళ్లించుకొనవలెను. ఒక పల్లె దాహము తీర్చుటకు మరొక పల్లె ఊరు విడుచుచున్నదని మనము మరువరాదు. ఆ త్యాగమునకు తగిన విలువ చెల్లింపక తెచ్చిన నీరు తియ్యగ నుండదు.

మన ఇండ్లలో కొళాయి త్రిప్పినంతనే నీరు వచ్చును. ఆ నీటిలో ఏమున్నదని అడుగవలసిన అవసరము మనలో పలువురకు కలుగలేదు. వెలిగండ్ల వంటి పల్లెకు ఆ ప్రశ్నయే బ్రతుకు. పెద్దకాలువ వచ్చువరకు ఆ పల్లెలు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. చెరువు పూడిక, బోర్ల పరీక్ష, మిద్దె వాననీరు, బడిపిల్లలకు గ్రుక్కెడు పాలు, ఇవి వారి చేతిలోనివి. కాలువ, గొట్టము, పునరావాసము మాత్రము ప్రభుత్వము చేతిలోనివి. 1937లో వైద్యులు చూచిన వంగని నడుములు ఎవరివో, వారి మునిమనుమలు నేడు ఆ బడులలోనే కూర్చుండియున్నారు. వారి పండ్లు తెల్లగ మెరయునాడు ఈ సీమ చరిత్ర మారినదని మేము సంతోషముతో చెప్పగలము.